అలవాటు కాకముందే ఆగిపోయే నవ్వు

అమలాపురంలో ఒక సెలూన్. అద్దం ముందున్న పౌడర్ డబ్బాకి ఆనించి ఫోన్ నిలబెట్టారు. అందులో 'అమృతం' కామెడీ సీరియల్ పాత ఎపిసోడ్ నడుస్తోంది. కుర్చీలో వెనక్కి వాలిన పెద్దాయన గొంతు మీద కత్తి ఉంది. తెర మీద తలుపు తెరుచుకుని ఇంటి ఓనరు అప్పాజీ గుమ్మంలో నిలబడ్డాడు. ఇంకా నోరు విప్పలేదు. అయినా గడ్డం గీసే అతను చప్పున కత్తి తీసి పక్కకి పట్టుకున్నాడు. పెద్దాయన భుజాలు కదిలాయి. నురగ చెంప మీంచి మెడలోకి జారింది. రెండు క్షణాలాగి కత్తి మళ్లీ పనిలో పడింది. ఆ ఎపిసోడ్ ఇద్దరూ ఎన్నోసార్లు చూసిందే.

ఆ నవ్వు జోకుకి వచ్చిందనుకుంటే పొరపాటు. జోకు ఇంకా పడనే లేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషి ఎలాంటివాడో, లోపలున్న ఇద్దరూ అతన్ని చూడగానే ఏ అవస్థలో పడతారో ముందే తెలుసు కాబట్టి వచ్చిన నవ్వది. సిట్‌కామ్ అనే ప్రక్రియ మొత్తం ఈ పరిచయం మీదే బతుకుతుంది. చిక్కల్లా ఎక్కడంటే, దాన్ని తూచే తక్కెళ్లు రెండూ, అంటే పత్రికల్లో సమీక్షా, టీవీ రేటింగూ, పరిచయం కుదరకముందే తూకం తేల్చేస్తాయి. తెలుగులో అయితే ఆ రెండిట్లో ఒక తక్కెడ అసలు లేనే లేదు. దాని సంగతి తర్వాత.

సిట్‌కామ్ అన్న మాట మన జనం నోట్లో ఆడదు, కామెడీ సీరియల్ అంటారు. ఒకే ఇల్లో, ఒకే ఆఫీసో, ఒకే హోటలో ఉంటుంది. అందులో అదే నలుగురైదుగురు మనుషులు. వారానికో కొత్త తంటా. అరగంట తిరిగేసరికి తంటా తీరి అందరూ మళ్లీ మొదటికే వస్తారు. ఎవరూ బాగుపడరు, ఎవరికీ బుద్ధి రాదు. బుద్ధి వస్తే వచ్చే వారం సీరియల్ ఉండదు. గుణ్ణం గంగరాజు సృష్టించిన 'అమృతం' జెమినీ టీవీలో 2001 నుంచి 2007 దాకా, 300 పైచిలుకు ఎపిసోడ్లు ఈ మూసలోనే నడిచింది. మధ్యలో అమృతం పాత్ర వేసే నటులు కూడా మారారు. శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ వేశారు. సినిమాలో ఇంటర్వెల్ తర్వాత హీరో మారిపోతే హాల్లో కుర్చీలు మిగలవు. ఇక్కడ మాత్రం జనం రెండు వారాలు గొణుక్కుని సర్దుకుపోయారు. వాళ్లకి అలవాటైంది ముఖం కాదు మరి. ఆ ఇల్లూ, ఆ హోటలూ, అమృతానికీ ఆంజనేయులుకీ మధ్య ఉన్న ఆ పెనుగులాటా అలవాటయ్యాయి.

గోదావరి జిల్లాల ఎటకారం గురించి తెలుగు లోకమంతా చెప్పుకుంటుంది గానీ అది పనిచేసే తీరు పట్టించుకున్నవాళ్లు తక్కువ. రావులపాలెం బస్టాండులో కొత్త మనిషి కనిపిస్తే ఎవరూ ఎటకారం ఆడరు. "ఎందాకా అండి?" అని మర్యాదగానే అడుగుతారు. ఎటకారం పడాలంటే అవతలి మనిషి రెండు తరాల నుంచీ తెలిసుండాలి. ఎప్పుడో ముప్పై ఏళ్ల కింద ఎవరి పెళ్లిలోనో గారెలు మితిమీరి తిని ఒకాయన మూడు రోజులు మంచం పట్టాడు. ఇవాళ్టికీ ఆయన అరుగు ముందు నుంచి వెళ్తుంటే "ఏం బావా, గారెలు మానేశావంట?" అని ఎవరో ఒకరు అంటారు, అరుగంతా నవ్వుతుంది. అక్కడే కూర్చున్న కొత్తల్లుడికి ఆ మాటలో నవ్వేమీ కనిపించదు. అతని చెవికి అది గారెల గురించి మామూలు ప్రశ్న. నవ్వకపోతే బాగుండదని నలుగురితో పాటు పళ్లు కనిపించేలా మొహం పెడతాడు. మొదటి ఎపిసోడ్ చూసి సమీక్ష రాయాల్సిన విలేకరిది సరిగ్గా ఆ కొత్తల్లుడి పరిస్థితే.

ఇంతకీ ఒక కామెడీ సీరియల్ అల్పాయుష్షుతో పోయిందని ఎప్పుడనాలి? దేశానికో లెక్క ఉంది. అమెరికా పెద్ద ఛానళ్లలో పాత పద్ధతి ప్రకారం సీజన్‌కి సుమారు 22 ఎపిసోడ్లు. ముందు 13 తియ్యమంటారు, జనం చూస్తున్నారని తేలితే మిగతా తొమ్మిదీ అడుగుతారు. బ్రిటన్‌లో సిరీస్‌కి ఆరే. బీబీసీలో 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండే వచ్చిన 'ఫాల్టీ టవర్స్'ని 2000లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వేసిన జాబితాలో బ్రిటిష్ టీవీ కార్యక్రమాలన్నిటికీ మొదట నిలబెట్టారు. అమెరికా లెక్కలో ఆ పన్నెండూ ఒక సీజన్‌కి కూడా చాలవు. మన దూరదర్శన్ రోజుల్లో స్పాన్సర్డ్ సీరియళ్లకి 13 వారాల లెక్క ఉండేది. జస్పాల్ భట్టి 1989లో తీసిన 'ఫ్లాప్ షో' పది ఎపిసోడ్లే. పేరులోనే ఫ్లాపు పెట్టుకున్న ఆ పదింటినీ ఉత్తరాదిలో ఇప్పటికీ తలుచుకుంటారు. కాబట్టి చిన్నదిగా పుట్టడం వేరు, మధ్యలో తుంచేయడం వేరు. పక్వానికొచ్చాక కోసిన అరటి గెలనీ, పువ్వు విడవకముందే గాలివానకి విరిగిన చెట్టునీ ఒకే లెక్కలో రాయకూడదు.

అమెరికాలో సమీక్ష నడిచే తీరు ఇలా ఉంటుంది. ముందు పైలట్ అని మచ్చుకి ఒక ఎపిసోడ్ తీస్తారు. ఎంపిక చేసిన ప్రేక్షకులకి దాన్ని వేసి అభిప్రాయం రాయించుకుంటారు. ఛానల్ ఒప్పుకుంటే ఇంకొన్ని తీస్తారు. ప్రసారానికి ముందే టీవీ విమర్శకులకి ఒకటో రెండో, మహా అయితే నాలుగో ఎపిసోడ్లు పంపుతారు. టీవీ విమర్శ అక్కడ ఒక వృత్తి. దానికి 1978 నుంచీ ఒక సంఘం కూడా ఉంది. కొత్త సీరియల్ మొదలయ్యే రోజు పొద్దున్నే పత్రికలో సమీక్ష వచ్చేస్తుంది. ఆ సమీక్షకి ఆధారం పైలట్, పైలట్ పనేమో పరిచయాలు చెయ్యడం. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరికి ఎవరంటే పడదో ఇరవై రెండు నిమిషాల్లో విప్పి చెప్పాలి. ఆ వివరాల మధ్య నవ్వు ఇరుక్కుపోతుంది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా అని విమర్శకుడు అనొచ్చు. అన్నానికి చాలు. సిట్‌కామ్ ఆవకాయ లాంటిది. కలిపిన రోజు నాలిక మీద వేసుకుంటే ఉప్పు విడిగా, కారం విడిగా, పచ్చి ఆవఘాటు విడిగా తగులుతాయి. మూడో రోజు తిరగ కలిపాక గానీ ముక్కకి రుచి పట్టదు. కలిపిన రోజే రుచి చూసి జాడీ పారబోసే ఇల్లాలు కోనసీమలో కనపడదు. టీవీ ఛానల్ ఆఫీసుల్లో మాత్రం కనిపిస్తారు.

తొలి తూకం ఎంత తప్పవచ్చో చెప్పడానికి అమెరికా ఛానల్ ఎన్‌బీసీ చరిత్ర ఒక్కటే చాలు. 'సైన్‌ఫెల్డ్' పైలట్ 1989 జులైలో వచ్చింది. ముందుగా చూపించిన ప్రేక్షకుల తీర్పు బలహీనం అని వచ్చింది. ఛానల్ మరో నాలుగంటే నాలుగు ఎపిసోడ్లు తియ్యమంది. ఆ డబ్బు కూడా కామెడీ విభాగం ఇవ్వలేదు, ప్రత్యేక కార్యక్రమాలు చూసుకునే అధికారి తన పద్దులోంచి సర్దాడు. తర్వాత అది 180 ఎపిసోడ్లు నడిచి 1998లో ముగిసింది. అంతకుముందు 1982లో మొదలైన 'చీర్స్'ది ఇంకో రకం కథ. పత్రికలు మెచ్చుకున్నాయి, మొదటి ఎపిసోడ్ మాత్రం ఆ వారం రేటింగుల్లో దాదాపు అట్టడుగున పడింది. అప్పట్లో ఎన్‌బీసీ దగ్గర దాని స్థానంలో వెయ్యడానికి అంతకంటే మంచిది లేదు కాబట్టి ఉంచారు. అది పదకొండు సీజన్లు నడిచింది. 'ఫాల్టీ టవర్స్' రాతప్రతి చదివిన బీబీసీ ఉద్యోగి అయితే అన్నీ అరిగిపోయిన పాత్రలేననీ, గ్యారంటీగా మునుగుతుందనీ లోపల్లోపల నోటు రాసిపెట్టాడు. ఆ నోటు తర్వాత బయటపడి ఆ సీరియల్‌కంటే ఎక్కువ నవ్వించింది.

అలాగని తొలి చూపు ఎప్పుడూ తప్పే అనడానికీ లేదు. ఒక బీమా కంపెనీ ప్రకటనల్లో కనిపించే ఆదిమానవుల్ని తీసుకొచ్చి 2007లో ఏబీసీ ఛానల్ 'కేవ్‌మెన్' అనే సిట్‌కామ్ చేసింది. విమర్శకులు చీల్చి చెండాడారు. 13 తీశారు, ఆరు వేసి ఆపేశారు. దాన్ని ఇంకో పది వారాలు ఊరబెట్టినా ఆవకాయ అయ్యేది కాదు, అందులో మామిడికాయే లేదు. ప్రకటనలోని ముప్పై సెకన్ల చమత్కారానికి ఇల్లూ వాకిలీ కట్టబోయారు. పరిచయం పెంచుకోవడానికి అక్కడ మనుషులుండాలి కదా.

సమీక్షకీ రేటింగుకీ కూడా అందని కారణంతో పోయినవాటిలో 'పోలీస్ స్క్వాడ్' చెప్పుకోదగ్గది. 1982లో ఏబీసీలో వచ్చింది. ఆరు ఎపిసోడ్లు. నాలుగు ప్రసారమయ్యేసరికే రద్దు నిర్ణయం అయిపోయింది. ఆ సీరియల్‌ని ఆస్వాదించాలంటే ప్రేక్షకుడు దాన్ని చూడాల్సి వస్తోంది, అదే ఇబ్బంది అని ఛానల్ పెద్ద ఒకాయన చెప్పుకొచ్చాడు. టీవీ చూడ్డానికే కదా అని లోకం నవ్వింది. ఆయన అన్నదాంట్లో నిజం ఎంతుందో నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లే ఇళ్లకి వెళ్తే తెలుస్తుంది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని ఆడవాళ్లు వసారాలో కూర్చుంటారు. వేళ్లు సూది మీద, చూపు దారం మీద. కుట్టు తప్పితే అల్లిందంతా విప్పాలి. టీవీ లోపల గదిలో మోగుతూ ఉంటుంది. తెర వైపు చూసేది ఎప్పుడో ఒకసారి, అదీ సంగీతం గట్టిగా మోగినప్పుడు. అయినా కథలో ఒక్క ముక్క తప్పిపోదు. ఎందుకంటే డైలీ సీరియల్‌ని వినడానికే రాస్తారు. "అత్తయ్యా, మీరు తలుపు చాటు నుంచి నా మాటలన్నీ విన్నారా!" అని కోడలు పైకి అంటేనే అత్త తలుపు చాటున ఉందని లేసు అల్లే ఆవిడకి తెలిసేది.

'పోలీస్ స్క్వాడ్' హాస్యం అంతా మాట వెనకాల, మనిషి వెనకాల, తెర మూలల్లో జరుగుతుంది. ముందు నిలబడ్డ పాత్ర గంభీరంగా మాట్లాడుతుంటే వెనకాల గోడ దగ్గర జరిగేది చూసి నవ్వాలి. చెవులతో చూసే ఇంట్లో అది నిలవదు. తర్వాత ఆరేళ్లకి అదే బృందం దాన్ని సినిమాగా తీస్తే బ్రహ్మాండంగా ఆడింది. చీకటి హాల్లో, డబ్బిచ్చి కూర్చున్నవాడికి చూడక తప్పదు. సరుకు అదే, బజారు మారింది. ఏ సమీక్షా ఈ సంగతి ముందే చెప్పలేకపోయిందంటే విమర్శకులకి తెలివి తక్కువై కాదు. సమీక్షకుడు పని మానుకుని, లైటు తీసి, కాగితం కలం పట్టుకుని చూస్తాడు. లేసు అల్లుకుంటూ చూసే సమీక్షకుడు ఎక్కడా లేడు.

సమీక్షలే సీరియళ్లని చంపుతాయన్న మాట వినిపిస్తూంటుంది. లెక్క చూస్తే అంత బలం వాటికి లేదు. 1964లో వచ్చిన 'గిలిగన్స్ ఐలండ్'ని విమర్శకులు నానా మాటలూ అన్నారు. జనం పట్టించుకోలేదు, 98 ఎపిసోడ్లు చూశారు, ఆ తర్వాత దశాబ్దాల పాటు పునఃప్రసారాలు కూడా చూశారు. 'అరెస్టెడ్ డెవలప్‌మెంట్'కి ఎదురు జరిగింది. విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు, 2004లో ఉత్తమ కామెడీ సిరీస్‌గా అక్కడి టీవీ అవార్డు ఎమ్మీ వచ్చింది. జనం రాలేదు. మూడో సీజన్‌కి ఫాక్స్ ఛానల్ ఎపిసోడ్లు 13కి కోసేసి, చివరి నాలుగింటినీ కలిపి 2006 ఫిబ్రవరిలో ఒకే రాత్రి, అదీ చలికాలపు ఒలింపిక్స్ ప్రారంభోత్సవం పక్క ఛానల్లో వస్తుండగా వేసి వదిలించుకుంది. ఊళ్లో తీర్థం రోజు రాత్రి పక్క వీధిలో హరికథ పెట్టినట్టు. ప్రాణం తీసేది రేటింగు, ప్రసార సమయం. సమీక్ష ఆపనూ లేదు, నిలబెట్టనూ లేదు.

మరి సమీక్ష ఎందుకు? పోయినదాని ఆనవాలు అది నిలుపుతుంది. 1965లో ఎన్‌బీసీలో 'మై మదర్ ది కార్' అని ఒకటి వచ్చింది. చనిపోయిన తల్లి పాత కారుగా మళ్లీ పుట్టి రేడియోలోంచి కొడుకుతో మాట్లాడుతుంది. పునర్జన్మలు మనకి పాతవే కాబట్టి ఇందులో మనకి అభ్యంతరం కనిపించదు, ఆ తల్లి ఎడ్లబండిగా పుట్టినా సర్దుకుపోతాం. అక్కడివాళ్లు మాత్రం తట్టుకోలేకపోయారు. 30 ఎపిసోడ్లకి ఆగిపోయింది. 2002లో టీవీ గైడ్ పత్రిక వేసిన అతి చెత్త కార్యక్రమాల జాబితాలో రెండో స్థానం దక్కింది. ఆగిపోయిన 36 ఏళ్ల తర్వాత కూడా దాన్ని తిట్టడానికి జ్ఞాపకం ఉంచుకున్నారన్నమాట. ఆ జ్ఞాపకం ఉండబట్టే ఇంకో సంగతీ తెలిసింది. దాన్ని సృష్టించిన ఇద్దరిలో ఒకరైన అలన్ బర్న్స్, దానికి రచన చేసిన జేమ్స్ బ్రూక్స్‌తో కలిసి 1970లో 'మేరీ టైలర్ మూర్ షో' చేశాడు. అమెరికన్ సిట్‌కామ్‌కి అది పెద్ద మలుపు. చెడిపోయిన వంట దగ్గరే ఇద్దరూ చెయ్యి కాల్చుకుని పని నేర్చుకున్నారు. సమీక్షలు లేకపోతే ఆ దారి ఎవరికీ కనపడేది కాదు.

ఇక తెలుగు సంగతి. సినిమా సమీక్షకి మన దగ్గర శుక్రవారం సాయంత్రానికల్లా కరువుండదు. టీవీ సీరియల్‌కి అలాంటి స్థిరమైన సమీక్షా సంప్రదాయం ఏర్పడలేదు. పత్రికల టీవీ పేజీల్లో నటీమణుల ఇంటర్వ్యూలు, ఇష్టమైన కూరా ఇష్టమైన రంగూ ఉంటాయి. కొత్త సీరియల్ వస్తోందంటే ఛానల్ పంపిన కాగితంలో ఉన్నదే అచ్చవుతుంది: "ఆద్యంతం కడుపుబ్బ నవ్విస్తుంది." ఎవరి కడుపు, ఎందుకు ఉబ్బింది అన్న వివరం ఉండదు. సీరియల్ మొదలయ్యాక మౌనం. ఆగిపోయాకా మౌనమే. మధ్యలో వచ్చేదల్లా టీఆర్పీ వార్త. గురువారం నాడు అంకెలు వస్తాయి, ఏది పైకెళ్లింది, ఏది కిందపడింది అని రాస్తారు. విమర్శ స్థానంలో మార్కుల పట్టీ వచ్చి కూర్చుంది.

ఆ మార్కులు వేసే పద్ధతిలో గోదావరి డెల్టాకి ప్రత్యేకంగా జరిగిన నష్టం ఒకటుంది. 2015లో టీవీ రేటింగులు కొలిచే సంస్థ బార్క్ పని మొదలుపెట్టి, ఆ ఏడాది అక్టోబరు నుంచి పల్లెల లెక్క కూడా కలిపి చెప్పేదాకా, దేశంలో టీవీ రేటింగ్ అంటే ప్రధానంగా పట్టణాల రేటింగే. కొలిచే మీటర్లు పట్టణాల ఇళ్లలో ఉండేవి. ఐ.పోలవరం లంకల్లోనో ఆచంట వైపో ఎంతమంది ఏ కామెడీ సీరియల్ చూసి నవ్వారో ఆ లెక్కలోకి రాలేదు. కేబుల్ బిల్లు కట్టారు, చూశారు, నవ్వారు, లెక్కకి మాత్రం లేరు. తెలుగు ప్రైవేటు ఛానళ్లు 1995లో మొదలైతే, మొదటి ఇరవై ఏళ్లూ సీరియళ్ల బతుకూ చావూ ఆ లెక్క మీదే తేలాయి. పల్లెలు లెక్కలో ఉంటే అవన్నీ బతికేవని ఎవరూ పూచీపడలేరు. పట్నం గదుల్లో నవ్వు రాని చోట ఊళ్లో వచ్చి ఉండొచ్చు, ఊళ్లో విసుగు పుట్టింది పట్నంలో ఆడి ఉండొచ్చు. అడగాల్సిన ఇళ్లలో సగాన్ని అడగలేదన్నది మాత్రం నిజం.

ఖర్చు వైపు చూసినా సిట్‌కామ్‌ది ఓడిపోయే లెక్కే. డైలీ సీరియల్లో సోమవారం లేచిన చెయ్యి బుధవారానికి గానీ చెంప మీద పడదు. ఆ మధ్యలో ఆరుగురి ముఖాలు మూడేసి సార్లు చూపిస్తే రెండు ఎపిసోడ్లు గడిచిపోతాయి. కామెడీకి ఆ వెసులుబాటు లేదు. ప్రతి అరగంటకీ కొత్త తంటా పుట్టాలి, ముదరాలి, తీరాలి. రాసేవాడి బుర్ర వారానికోసారి ఖాళీ అవుతుంది. పైగా వారానికోసారి వచ్చేదానికి జనం అలవాటు పడటానికి పట్టే కాలం, రోజూ వచ్చేదానికి పట్టేదానికంటే ఎక్కువ. దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం 'ఆనందో బ్రహ్మ' వచ్చిన రోజుల్లో ఇంకో ఛానల్ లేదు, జనం కదలరు, అలవాటు అదే అయ్యేది. రిమోట్ చేతికొచ్చాక ఆ ఓపిక పోయింది.

ఆ ఖాళీలోకి స్కిట్ వచ్చింది. 2013లో ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్' దారిలో నడిచే కార్యక్రమాల్లో పరిచయం కుదిరేదాకా ఆగాల్సిన పని లేదు. పది నిమిషాల్లో మనుషులు పుట్టి, అరిచి, పడి, పోతారు. ముక్కలుగా కోసి ఫోన్లలో వదలడానికీ అనువు. ఇందులో ఒక చిత్రం ఉంది. స్కిట్ నడుస్తుండగా కెమెరా మాటిమాటికీ జడ్జిల వైపు తిరుగుతుంది. వాళ్లు నవ్వుతుంటారు, పొట్ట పట్టుకుంటారు, కుర్చీలో వెనక్కి పడతారు. అమెరికాలో 1950లో ఒక సిట్‌కామ్ మొదటిసారి డబ్బా నవ్వులు, అంటే ముందే రికార్డు చేసి పెట్టుకున్న నవ్వులు వాడింది. తర్వాత చార్లెస్ డగ్లస్ అనే సౌండ్ ఇంజినీరు మీట నొక్కితే రకరకాల నవ్వులొచ్చే యంత్రమే తయారు చేశాడు. మనవాళ్లు యంత్రానికి బదులు మనుషుల్నే కూర్చోబెట్టారు. ఒకే దెబ్బకి రెండు పనులయ్యాయి. ఎక్కడ నవ్వాలో చూపించడమూ జరిగింది, బాగుందని తీర్పు చెప్పడమూ జరిగింది. సమీక్షకుడు కార్యక్రమం లోపలే జీతానికి కుదిరాడు. బయట ఇంకొకరు దేనికి?

డెల్టాకి తీర్పు చెప్పడం చేతకాక కాదు. పాలకొల్లు, భీమవరం వైపు నాటక పరిషత్తుల పోటీలు చూసినవాళ్లకి ఇది తెలుసు. జంధ్యాల పుట్టింది నరసాపురం, అల్లు రామలింగయ్యది పాలకొల్లు, ఇద్దరూ నాటకాల్లోంచి సినిమాకి వెళ్లినవాళ్లే. పరిషత్తులో న్యాయనిర్ణేతలు ముందు వరుసలో కూర్చుంటారు. వెనకాల ఊరంతా ఉంటుంది. హాస్య నాటికకి జడ్జి మొహం చిట్లించుకుని మార్కులు తగ్గిద్దామనుకున్నా, వెనక నుంచి లేచే నవ్వు వీపుకి తగులుతుంది. జనం నవ్వని చోట పెన్ను ఆగుతుంది. మర్నాడు టీ బడ్డీ దగ్గర "రెండో రంగంలో ఆ గుమస్తా పాత్ర అంతసేపు అక్కర్లేదండి" అని ఎరువుల కొట్టాయన చెప్పే మాట, నాటిక వేసినవాళ్లు శ్రద్ధగా వింటారు, తర్వాతి ఊళ్లో ఆ గుమస్తాకి కత్తెర పడుతుంది. నవ్వే జనం, తూచేవాడు, చేసేవాడు ముగ్గురూ ఒకే పందిట్లో ఉండటం వల్ల కుదిరిన ఏర్పాటది. టీవీలో ముగ్గురూ మూడు ఊళ్లలో ఉంటారు. ఒకరి నవ్వు ఒకరికి వినపడదు.

ఓటీటీ వచ్చాక సమీక్ష మళ్లీ తెలుగులోకి వచ్చింది, కాకపోతే సినిమా సమీక్ష వేషంలో. 2023లో హాట్‌స్టార్‌లో వచ్చిన 'సేవ్ ద టైగర్స్' ఆరు ఎపిసోడ్లు. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన '90స్' కూడా ఆరే. బ్రిటన్ లెక్కకి మనం అనుకోకుండా చేరాం. అన్నీ ఒకేసారి వదులుతారు కాబట్టి సమీక్షకుడు రాత్రంతా కూర్చుని మొత్తం చూసి పొద్దున్నే రాస్తాడు. మొదటి ఎపిసోడ్‌తో తీర్పు చెప్పే పాత జబ్బు దీంతో కొంత నయమైంది. కొత్త జబ్బు పట్టుకుంది. ఆరు ఎపిసోడ్లని మూడు గంటల సినిమాగా చూసి "సెకండాఫ్ సాగదీశారు, క్లైమాక్స్ తేలిపోయింది" అని రాస్తున్నారు. వారం వారం తలుపు తట్టే మనిషిని ఒకే రాత్రి ఆరుసార్లు పిలిచి, ఇదేంటి వచ్చిందే వస్తున్నాడు అన్నట్టుంటుంది. రావడమే అతని పని. అమెరికాలో ఏవీ క్లబ్ లాంటి వెబ్‌సైట్లు ఒక్కో ఎపిసోడ్‌కీ విడిగా సమీక్ష రాసే పద్ధతి పెట్టాయి. మూడో వారం తిట్టినవాళ్లే ఎనిమిదో వారం మెచ్చుకుంటూ, తమ మాట తామే దిద్దుకున్నారు. మన దగ్గర ఆ దిద్దుబాటు ఎవరూ రాయడం లేదు.

ఈ సమీక్షల్లో డెల్టా గురించి వచ్చే వాక్యం ఒకటి ఉంటుంది: "గోదావరి యాస ఆకట్టుకుంది." ప్రైమ్ వీడియోలో 2023లో గోదావరి జిల్లా పల్లె నేపథ్యంగా ఏడు ఎపిసోడ్లతో 'కుమారి శ్రీమతి' వచ్చినప్పటి నుంచీ ఇలాంటి కథలకి గిరాకీ పెరిగింది, ఆ వాక్యానికీ పెరిగింది. టీవీలో గోదావరి యాస అంటే ప్రతి వాక్యానికీ ఒక "ఆయ్" తగిలించడం అన్న భ్రమ బలంగా ఉంది. రాజోలులో పుట్టినవాడి చెవికి "ఆయ్" అనేది చిత్తం అన్నంత మాట. పెద్దవాళ్లు, మర్యాద ఇవ్వాల్సినవాళ్లు ఏదైనా చెప్తే బదులుగా వస్తుంది. "రేపు పెందరాళే వచ్చెయ్యి." "ఆయ్, వచ్చేత్తానండి." కామందు పాలేరుతో "ఆయ్" అంటూ మాట్లాడితే, తాత మనవడికి "ఆయ్" అని బదులిస్తే, అది యాస కాదు, ఆ ఇంట్లో ఎవరు పెద్దో ఎవరు చిన్నో రచయితకి తెలియదని అర్థం. అదే సరైన చోట, ఎదురు తిరగబోతున్న పాలేరు నోటి నుంచి అతి వినయంగా "ఆయ్" వస్తే, ఎటకారం అంతా అందులోనే ఉంటుంది. కామందుకి అర్థమవుతుంది, పైకి ఏమీ అనలేడు. ఈ తేడా పట్టి చెప్పే సమీక్ష ఒక్కటి వచ్చినా తర్వాతి సీరియల్ రాసేవాడు జాగ్రత్తపడతాడు. "యాస ఆకట్టుకుంది" అని వదిలేస్తే, తర్వాతి దాంట్లో ఇంకో నాలుగు "ఆయ్"లు కలుస్తాయి.

పోయినవి మళ్లీ లేచిన సందర్భాలూ ఉన్నాయి. హిందీలో 2004 నుంచి 2006 దాకా స్టార్ వన్‌లో వచ్చిన 'సారాభాయ్ వర్సెస్ సారాభాయ్'కి అప్పట్లో రేటింగులు రాలేదు, పునఃప్రసారాల్లో అభిమానులు పుట్టుకొచ్చి, 2017లో హాట్‌స్టార్ కోసం మళ్లీ తీయించుకున్నారు. 'అమృతం' యూట్యూబ్‌లో రెండో జీవితం గడిపి, 2020 ఉగాదికి జీ5లో 'అమృతం ద్వితీయం'గా వచ్చింది. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా కుర్రాళ్లు ఏరేటర్లు తిరుగుతుండగా ఫోన్లో పెట్టుకునేది ఇలాంటివే. అవి పుట్టేనాటికి ఆ కుర్రాళ్లు పుట్టలేదు. అయితే ఇలా లేవాలంటే టేపు ఎక్కడో భద్రంగా ఉండాలి, పేరు ఎవరికో గుర్తుండాలి. అరకొర వారాలకే ఆగిపోయిన తెలుగు కామెడీ సీరియళ్లకి ఆ రెండూ అరుదు. అదే సెలూన్లో అడిగితే, "ఒకటొచ్చేదండి, ఒక డాక్టరూ కాంపౌండరూ, భలేగుండేది, పేరేంటబ్బా…" అంటారు. ఇంకొకాయన డాక్టరు కాదు లాయరంటాడు. కుర్చీలో మనిషి దిగి ఇంకొకరు ఎక్కేదాకా వాదన సాగుతుంది, పేరు మాత్రం రాదు.

అలాంటిది ఒకటి నిజంగా ఉండేదని తేల్చుకోవాలంటే మిగిలిన దారి పాత దినపత్రికల కట్టలే. అందులోనూ సమీక్ష దొరకదు. ఆదివారం పేజీలో అడుగున టీవీ కార్యక్రమాల పట్టిక ఉంటుంది, చీమతలకాయంత అక్షరాల్లో. రాత్రి ఎనిమిదిన్నర గడిలో ఒక పేరు, పక్కన బ్రాకెట్లో హాస్య ధారావాహిక. పై ఆదివారం కట్టలో అదే గడిలో అదే పేరు. ఆ పైవారమూ అంతే. ఇంకో మూడు కాగితాలు తిప్పితే ఆ గడిలో పాత సినిమా పాటలు.